మారు బోర్డును గ్రహింపవచ్చునా?



కొన్న వస్తువు చెడిపోగా, అమ్మినవారు పైసా అడుగక దానికి మారుగా మఱియొకటి ఇచ్చెదమనిన, వలదనువాడు కూడ నుండునా యని మీరడుగవచ్చును. కంప్యూటరు విషయమున ఒక్కొక్కప్పుడు వలదనుటయే యుక్తము. ఎప్పుడు పుచ్చుకొనవలయునో, ఎప్పుడు చేయి వెనుకకు తీసికొనవలయునో ఈ కొలది నిమిషములలో మీకు విన్నవింప నుద్దేశించితిని.

నేడు పాలకేంద్రమునను, సహకార సంఘమునను, బడిలోను కంప్యూటరు కనబడుచునే యున్నది. ఆ పెట్టె మూత తీసి చూచినచో లోపలి గోడకు మేకులతో బిగించిన పెద్ద పలక యొకటి యుండును. దానిని మదర్‌బోర్డు అందురు. తెనుగున తల్లిపలక యనవచ్చును గాని, ఆ పేరు చెప్పి అంగడికి పోయినవానికి పిల్లలు వ్రాసికొను పలక నిచ్చి పంపుదురేమో! కావున బోర్డనియే అందును. లెక్కలు చేయు ప్రాసెసరు, పని జరుగుచున్నంతసేపు విషయమును జ్ఞప్తియందుంచు మెమరీ, వ్రాతలను భద్రపఱచు డిస్కు, ఇవి యన్నియు ఈ బోర్డును ఆశ్రయించియే పనిచేయును. కావున బోర్డును మార్చుట యనగా ఒక భాగమును మార్చుట మాత్రమే కాదు. తక్కిన భాగములన్నిటికి ఆధారమును మార్చుట.

సంతలో ఎద్దును కొనునప్పుడు మనము పండ్లు పట్టి చూతుము, సుడులు చూతుము, నాలుగడుగులు నడిపించి చూతుము. ఆ ఎద్దు కుంటిది కాగా అమ్మినవాడు మారుగా మఱియొక దానిని ఇచ్చెననుకొనుడు. ఊరక వచ్చినదని పండ్లు చూడకుండ పలుపు పట్టుకొందుమా? ఇంటనున్న జత ఎద్దుతో కాడికి సరిపడునో లేదో ఆలోచింపకుండ తోలుకొని వత్తుమా?

వారంటీ కాగితమును సాధారణముగా ఎవరును చదువరు. చదివినచో రెండు సంగతులు తెలియును. మారుగా నిచ్చునది క్రొత్తది కావచ్చును, బాగుచేసినది కావచ్చునని అనేక కంపెనీలు అందు వ్రాసికొనియుండును. బాగుచేసినది యనగా, మఱియొకరి యొద్ద చెడి తిరిగివచ్చిన బోర్డునుండి చెడిన తునుకను తీసివేసి, మంచిదానిని అతికి, పరీక్షించి పంపునది. రెండవది, మారు బోర్డునకు గడువు మొదటినుండి మొదలుకాదు. సాధారణముగా పాతదానికి మిగిలిన దినములే దీనికిని చెల్లును.

మా యూరి సహకార సంఘమున నేను పాలకవర్గ సభ్యుడను. ధాన్యము కొనుగోళ్లు ముమ్మరముగా సాగుచున్న దినములలో ఒకనాటి ఉదయము సంఘపు కంప్యూటరు మేల్కొనలేదు. మీట నొక్కిన పంకా తిరుగును, తెర వెలుగదు. రైతుల బాకీలు, ఎరువుల పద్దులు, తూకముల లెక్కలు సమస్తము దానిలోనే యుండెను. గుమాస్తా పాత చిట్టాపుస్తకమును దులిపి, రాత్రి పదకొండు గంటలవఱకు చేతితో వ్రాయసాగెను. తన ధాన్యపు సొమ్మెంతయో తేలక రైతులు అరుగుమీద కాచుకొని కూర్చుండిరి. పట్టణములోని అంగడివారు పరీక్షించి బోర్డు చెడినదని తేల్చిరి. కొని 26 నెలలాయెను. గడువు 36 నెలలు.

అంగడివారు మూడు దారులు చూపిరి. అదే నమూనా బోర్డు బాగుచేసినది సిద్ధముగా నున్నది, దానిని పుచ్చుకొనవచ్చును. ఆ నమూనా ఇప్పుడు తయారగుటలేదు కనుక, దానికంటె మీదిదైన సరిక్రొత్త బోర్డును పుచ్చుకొనవచ్చును. ఈ రెండును వలదన్నచో వాడుక క్రింద కొంత తగ్గించి సొమ్ము తిరిగి యిత్తురు.

మా అధ్యక్షులు సరిక్రొత్తదానికే మొగ్గిరి. “మనము క్రొత్త వస్తువునకు సొమ్ము పోసితిమి. ఒకరు విడిచిన పంచె మనము కట్టుకొందుమా?” అనిరి. సభ్యులలో పలువురు అదియే న్యాయమనిరి. ఆ మాటలో అభిమానమున్నది, కొంత న్యాయమును లేకపోలేదు. కాని 26 నెలలు పగలు రేయి వాడిన మన బోర్డు మాత్రము చెడుటకు ముందునాడు క్రొత్తదై యుండెనా? ముందునాడు కంప్యూటరు ఎట్లుండెనో అట్లు చేసి యిచ్చుట వారి విధి. అంతకు తక్కువైన ఒప్పుకొనరాదు; అంతకు హెచ్చైనది ఎదురుగా వచ్చినప్పుడు ఇంకను జాగ్రత్తగా చూడవలయును. నేనిట్లు మనవి చేసితిని.

పట్టణమున చదువుకొను మా చెల్లెలి మనుమడు ఆనాడు ఊరిలోనే యుండెను. ఆ సరిక్రొత్త బోర్డు పేరును తన ఫోనులో చూచి, “తాతయ్యగారూ, మన ప్రాసెసరు దీనిలో కూర్చోదండీ,” అనెను. మా ప్రాసెసరు అమరు గూటిలో పిన్నులు 1200. ఆ బోర్డు గూటిలో 1700. మా మెమరీ డీడీఆర్4 రకము. ఆ బోర్డుది డీడీఆర్5, గాడియే వేఱు. అనగా ఉచితముగా వచ్చిన బోర్డునకు తోడుగా ప్రాసెసరును మెమరీయు మేమే కొనవలయును. వాని వెల బోర్డు వెలను మించును. అంగడివారు ఈ సంగతి దాచిరని యనను. మేమడుగలేదు, వారు చెప్పలేదు.

ఇక సొమ్ము పుచ్చుకొందమన్నను చిక్కే. పాత ప్రాసెసరునకు సరిపడు క్రొత్త బోర్డులు అంగళ్లలో నానాటికి అరుదగును. సొమ్ము చేతనుండియు వస్తువు దొరకని స్థితి వచ్చును. కావున బాగుచేసిన అదే నమూనాను గ్రహించుటకు తీర్మానించితిమి.

అంగడిలో బోర్డును పెట్టెనుండి తీయగనే సంతకము చేయుడని కాగితము ముందుంచిరి. మా వాడు సంతకమునకు ముందు ప్రాసెసరు గూటిమీది మూత తీసి, ఫోను దీపము వంపుగా పట్టి చూచెను. వెండ్రుకలవలె వరుసలు తీరిన ఆ పిన్నులలో రెండు పక్కకు వంగియుండెను. “ఏమియు కాదండీ, పనిచేయును,” అని అంగడివాడనెను. పనిచేయవచ్చును, కాని పిన్ను వంగుట దెబ్బక్రింద లెక్క, దెబ్బకు వారంటీ చెల్లదు. సంతకము పడిన మఱుక్షణమున ఆ వంపు మాదియగును. మేము పుచ్చుకొనలేదు. నాలుగు దినములు గడచిన పిమ్మట మఱియొకటి తెప్పించిరి. దానిని అక్కడనే ప్రాసెసరుతోను మెమరీతోను అమర్చి గంటసేపు నడిపించి, బోర్డు మీది సంఖ్యను రసీదుమీద వ్రాయించి, మిగిలిన గడువు 10 నెలలని అక్షరములలో చేర్పించి, అప్పుడు సంతకము చేసితిమి. పాత బోర్డును పంపునప్పుడును దాని పిన్నులకు ఛాయాచిత్రము తీసి, గూటికి మూత పెట్టియే పంపితిమి. లేనిచో దారిలో వంగినదానికి మేమే బాధ్యులమగుదుము.

డిస్కును మాత్రము అంగడికి పంపలేదు. చెడినది బోర్డు; డిస్కులోనిది జనుల లెక్క. క్రొత్తగా వచ్చిన బోర్డుతో కంప్యూటరును తెఱవగా అది మమ్ము గుర్తింపక 48 అంకెల తాళమడిగెను. డిస్కులోని వ్రాతలను బిట్‌లాకర్ అను ఏర్పాటు మూసియుంచినచో దాని తాళపుచెవి సాధారణముగా పాత బోర్డులో నుండును. బోర్డు పోయిన, వేఱుగా వ్రాసియుంచిన ఈ అంకెలే శరణ్యము. మా గుమాస్తా వానిని ఏనాడో చిట్టాపుస్తకపు అట్టలోపల వ్రాసియుంచెను. ఆ సాయంకాలమే బాకీలు తేలినవి, రైతులకు సొమ్ము ముట్టినది.

ఇదంతయు రెండేండ్లు వాడిన వస్తువును గూర్చిన మాట. కొన్న నాలుగవ నాడే చెడినచో నా అభిప్రాయము వేఱు. అప్పుడు బాగుచేసినదానిని పుచ్చుకొనుట మన సొమ్మునకు మనమే నష్టము తెచ్చుకొనుట, సరిక్రొత్తదే యడుగవలయును. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, లోపమును సవరింపుమనియు, లోపములేని క్రొత్త వస్తువు నిమ్మనియు, సొమ్ము తిరిగి చెల్లింపుమనియు ఆజ్ఞాపించు అధికారము జిల్లా కమిషనునకు గలదు. రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలయును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనప్పుడు రుసుము లేదు. అంతదూరము పోకముందు 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఇంకొక చిత్రమైన సందర్భము మిగిలినది. బోర్డు చక్కగా పనిచేయుచుండగా, చేసినవారే వచ్చి మార్చుకొమ్మన్నచో నేమి చేయవలయును? 2011 జనవరి 31న ఇంటెల్ కంపెనీ ఇట్టి ప్రకటనయే చేసెను. ఆ నెల 9వ తేదీనుండి పంపిన తమ బోర్డు చిప్పులలో ఒక లోపమున్నదనియు, డిస్కులను తగిలించు ద్వారములలో కొన్ని కాలక్రమమున క్షీణింపవచ్చుననియు తెలిపెను. బాగుచేయుటకును మార్చుటకును 70 కోట్ల డాలర్లగునని అంచనా వేసెను. వేగము గల మొదటి రెండు ద్వారములకు ఈ దోషము లేదు. తక్కిన నాల్గింటికే కలదు. బోర్డులు చేయు కంపెనీలు మార్పిడికి సిద్ధపడినవి. నాడు పలువురు సందేహించిరి: నడుచుచున్న యంత్రమును విప్పి, పనిమాని, మఱల బిగించుట యేల? ఒకే డిస్కు గలవాడు దానిని మొదటి ద్వారమునకు తగిలించుకొని ఊరకుండుటలో తప్పులేదు. కాని నాలుగైదు డిస్కులలో ఒక సంఘపు లెక్కలో, ఒక ఆసుపత్రి పద్దులో దాచుకొన్నవాడు, తనకు అనువైన సెలవుదినము చూచుకొని, వ్రాతలకు వేఱొక ప్రతి తీసికొని, మారు బోర్డును గ్రహించుటయే మేలు. నేనైన అట్లే చేసియుందును.