లా చదవాలంటే ముందు ఏ కాలేజీలో చేరాల?

(ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ల విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన గేరిల్లో ఈ మధ్య ఒక మాట వినబడుతోంది. "మా పిల్లోన్ని లాయరు చేయాలప్పా" అని తల్లులే అంటున్నారు. ఆ మాట వింటే మాకు సంతోషం. ఇన్నాళ్లూ మనం కోర్టు మెట్లు ముద్దాయిలుగా ఎక్కినాం, సాక్షులుగా ఎక్కినాం, వాయిదాకు పోయి చెట్టు కింద కూర్చున్నాం. నల్లకోటు తొడుక్కొని ఎక్కినోళ్లు మనలో తక్కువ. ఇప్పుడు పిల్లలు ఎక్కుతామంటున్నారు. అయితే ఆ వెంటనే ఇంకో మాట వస్తోంది: "ముందు డిగ్రీ బీబీఏ చేయాలంట, సిటీలో పెద్ద కాలేజీ చూడాలంట, అప్పు తేవాలంట." ఈ రోజు మేము మాట్లాడేది ఆ అప్పు గురించే.

లాయరు ఎందుకు కావాల? ముందు అది తేల్చుకుంటే కాలేజీ సంగతి దానంతటదే తేలుతుంది. 1985 జులై 17న కారంచేడు జరిగింది. అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం గారు ఆ పదవి వదిలేసి బాధితుల పక్కకు వచ్చినారు. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2007లో. అంటే పదహారేండ్లు! 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. దీన్నుంచి మనం ఏం నేర్చుకోవాల? మన కేసులు ఒక్క ఏడాదిలో తెగేవి కావు. పదేండ్లు, ఇరవై ఏండ్లు ఒకే పక్షాన నిలబడే లాయరు మనకు కావాల. అప్పులో మునిగిన లాయరు అట్లా నిలబడగలడా? వడ్డీ గుర్తుకొచ్చినప్పుడల్లా ఫీజు ఇచ్చేటోని కేసే వానికి ముందు కనబడుతుంది. అది వాని తప్పు కాదు, అప్పు చేసే పని.

లెక్క వేసి చూద్దాం. డిగ్రీకి మూడేండ్లు, లాకు మూడేండ్లు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే లాయరుగా మూడేండ్ల ప్రాక్టీసు ఉండాల. మొత్తం తొమ్మిదేండ్లు. జూనియర్ లాయరుకు మొదట్లో వచ్చేది బస్సు చార్జీ, టీ ఖర్చు. ఇప్పుడు మీరు డిగ్రీ కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చినారనుకోండి. నెలకు 1,500, ఏడాదికి 18,000. తొమ్మిదేండ్లకు వడ్డీయే 1,62,000. అసలు అట్లే ఉంటుంది. ఈ లెక్క ఇంట్లో కూర్చొని మీరే వేసుకోండి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. మూడేండ్ల లా కోర్సుకు ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది. బీఏ, బీకాం, బీఎస్సీ, బీబీఏ, అన్నీ ఒకటే. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం జనరల్ వాళ్లకు డిగ్రీలో 45 శాతం కావాల, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. లాసెట్ ప్రశ్నపత్రంలో నువ్వు ఏ కాలేజీలో చదివినావో అడగరు. 120 మార్కులు, గంటన్నర పరీక్ష: జనరల్ నాలెడ్జి, వర్తమాన విషయాలు, చట్టం మీద అవగాహన. తెలుగులోనూ రాయొచ్చు. కాబట్టి సిటీలో రంగు అద్దాల బిల్డింగు చూసి కట్టే ఫీజు లా సీటు తెచ్చిపెట్టదు.

మరి బీకామా, బీబీఏనా? మేము బీకాం వైపే చెబుతాం. లెక్కల పుస్తకం, ఆదాయపు పన్ను, ఆడిట్, వ్యాపార చట్టం అందులో చదువుతారు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అమ్మితే చేతికొచ్చే తక్‌పట్టీలో ఏ కోత న్యాయం, ఏ కోత దోపిడీ అని చదివేటోడు కావాల. ప్రోనోటు మీద మూడేండ్లు దాటి, మధ్యలో చెల్లు రాయకుంటే దావా నిలబడదని మన అమ్మకు చెప్పేటోడు కావాల. 2013 నాటి సబ్‌ప్లాన్ చట్టం కింద మన పేరు మీద చూపించిన డబ్బు ఏ పద్దులోకి మళ్లిందో బడ్జెట్ పుస్తకంలో వేలు పెట్టి చూపేటోడు కావాల. చట్టం తెలిసి లెక్క రాకుంటే సగం లాయరే. బీబీఏ చెడ్డదని మేము అనడం లేదు. మేనేజిమెంటు, మార్కెటింగ్ ఇష్టమైనోళ్లు చదవండి. అయితే 2024-25 నుంచి బీబీఏ కోర్సుకు ఏఐసీటీఈ అనుమతి ఉండాల. ఆ కాగితం చూపించమని అడగండి.

బాబాసాహెబ్ దారి చూడండి. ఆయన బారిస్టరు కాకముందే అర్థశాస్త్రం చదివినారు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరినారు. అది కామర్స్ కాలేజీ! జీతంలో మిగిల్చిన డబ్బుకు షాహూ మహారాజ్ సాయం, ఒక స్నేహితుని అప్పు కలుపుకొని 1920లో లండన్ పోయి ఆగిన చదువు పూర్తి చేసినారు. రూపాయి సమస్య మీద పుస్తకం, హైకోర్టులో ప్రాక్టీసు, రెండూ 1923లోనే. మన జిల్లా పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారు అనంతపురంలో బీఏ, మద్రాసులో లా చదివి, 1960లో దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి అయినారు. పక్క ఊరి కాలేజీలో డిగ్రీ చదివితే చిన్నతనం అనుకునేటోళ్లు ఆయన్ను తలచుకోండి.

ఇక కాలేజీల మాట. ఎమ్మిగనూరులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఆదోనిలో ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది, ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. రెండు ఊళ్లకూ మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. కర్నూలులో సిల్వర్ జూబిలీ ప్రభుత్వ కాలేజీ ఉంది. మార్కులు బాగా ఉండి, హాస్టల్ దొరికితే అక్కడికి పోండి, మేమే పంపుతాం. సరిహద్దు దాటి బళ్లారి పోతామనేటోళ్లు మన రాష్ట్రం స్కాలర్‌షిప్పు అక్కడ వర్తిస్తుందో లేదో సాంఘిక సంక్షేమ ఆఫీసులో తేల్చుకొని కదలండి. ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. "రోజూ చార్జీలు యాడ తెచ్చేది" అని చెల్లెళ్లను ఇంట్లో కూర్చోబెట్టే సాకు పోయింది.

ఏ కాలేజీ అయినా సరే, చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగాల. ఒకటి, కామర్స్ చెప్పే లెక్చరర్లు ఎంతమంది ఉన్నారు, రోజూ వస్తారా? ఇది ప్రిన్సిపాలును కాదు, రెండో ఏడాది పిల్లల్ని అడగండి. రెండు, స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే ఫీజు మమ్మల్ని కట్టమంటారా? కేంద్రం పోస్ట్‌మెట్రిక్ పథకానికి తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. మూడు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుంటారా? పరిశీలించి తిరిగి ఇచ్చేయాల, దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది. నాలుగు, ఇంగ్లీషు వెనకబడితే విడిగా నేర్పే ఏర్పాటు ఉందా? కోర్టు తీర్పులు ఇంగ్లీషులో ఉంటాయి. డిగ్రీ మూడేండ్లలో రోజుకొక పేజీ చదివినోడు లాలో తడబడడు.

ఇంటర్ తర్వాత నేరుగా అయిదేండ్ల లా కోర్సు కూడా ఉంది. ఒక ఏడాది మిగులుతుంది. క్లాట్ రాసి హైదరాబాదు నల్సార్‌కో, విశాఖలో సంజీవయ్య గారి పేరున ఉన్న జాతీయ లా విశ్వవిద్యాలయానికో పోగలిగిన పిల్లల్ని ఆపొద్దండి. కానీ ఇంట్లో కష్టమొచ్చి మూడో ఏడాది ఆగిపోతే చేతిలో పట్టా ఉండదు. బీకాం అయితే మూడేండ్లకు ఒక పట్టా చేతికొస్తుంది, ఉద్యోగం చేస్తూ డబ్బు కూడబెట్టి లాకు పోవచ్చు. మన ఇండ్ల పరిస్థితికి ఇది గట్టి మెట్టు. డిగ్రీ తర్వాత కర్నూలు, అనంతపురంలో లా కాలేజీలున్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద బాబాసాహెబ్ పేరుతోనే లా కాలేజీ ఉంది. లాయరుగా పేరు నమోదు చేసుకునే ఫీజు ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా వేలు అడిగితే ఆ తీర్పు చూపించండి.

తల్లిదండ్రులకు ఒక మాట. సుగ్గికి గుంటూరు మిరప చేన్లకు పోయేటప్పుడు కాలేజీ పిల్లల్ని వెంట తీసుకుపోవద్దండి. ఆ రెండు మూడు నెలల్లోనే హాజరు పోతుంది, హాజరుతో స్కాలర్‌షిప్పు పోతుంది, ఆ తర్వాత చదువే పోతుంది. పిల్లోన్ని హాస్టల్లో పెట్టండి, లేదంటే అవ్వ దగ్గర వదలండి.

కార్యకర్తలకు పని చెబుతున్నాం. ప్రతి గేరిలో ఇంటర్ పాసైనోళ్ల పేర్లు రాయండి. ఆన్‌లైన్ అడ్మిషన్లో కాలేజీల ఆప్షన్లు పెట్టే రోజు ఇంటర్నెట్ సెంటరు వాని ఇష్టానికి వదలకుండా పక్కన కూర్చోండి. పాత బీకాం పుస్తకాలు సేకరించి చేతులు మార్చండి. మూడో ఏడాది పిల్లలకు లాసెట్ దరఖాస్తు తేదీ గుర్తు చేయండి. ఊరికి ఒక్కరు చొప్పున అప్పు లేని లాయరు తయారైతే, 1989 అట్రాసిటీ చట్టం పుస్తకంలో కాదు, ఆదోని కోర్టు హాలులో బతుకుతుంది.

జై భీమ్!