కొలబద్ద నుంచి కానూన్ దాకా

(అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మన చర్చకు ఒకే ఒక మాటను ఎంచుకున్నాము. అది 'కానూన్'. ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో ఇది నిత్యం వినబడే మాట. తెలంగాణ పల్లెల్లో తెలుగు మాట్లాడేవారి నోట కూడా 'కానూను' పలుకుతూనే ఉంటుంది. కోర్టు మెట్లెక్కినవారు, పాసుపుస్తకం కోసం తహసీలు కచేరీ చుట్టూ తిరిగినవారు, పెళ్లి మాటలకు కూర్చున్న పెద్దలు, అందరూ దీనిని వాడతారు. అయితే ఒకరు వాడిన అర్థం మరొకరిది కాదు. పైగా ఇది అరబీ మాట గనుక దీని వెనుక ధార్మికమైన ఆజ్ఞ ఏదో ఉన్నదన్న భావన మనలో చాలామందికి ఉంది. దివ్యఖుర్ఆన్‌లో ఈ మాట లేదు. ఇది గ్రీకుల నుంచి అరబీలోకి అరువు వచ్చిన పండితుల మాట. ఎక్కడెక్కడ తిరిగి, ఏయే అర్థాలను పోగుచేసుకొని మన దాకా వచ్చిందో తెలిసికొంటే, మన హక్కుల విషయంలో మనం పడుతున్న ఒక తికమక కొంత తొలగుతుందని మా ఆశ.

గ్రీకులో దీని రూపం 'కనోన్'. అర్థం తిన్నని కర్ర, కొలబద్ద. తాపీపనివారు గోడ నిలువుగా లేచిందో లేదో, వడ్రంగులు పలక తిన్నగా ఉందో లేదో చూసుకొనే సాధనం అది. ఆ మాటకు మూలం 'కన్నా', అంటే రెల్లు. ఈ 'కన్నా' గ్రీకులకు సొంతం కాదనీ, సెమెటిక్ భాషల నుంచే వారికి చేరిందనీ భాషావేత్తలు చెబుతారు. హీబ్రూలో రెల్లును 'కానే' అంటారు. అరబీలో బల్లెపు కర్రకు 'కనాత్' అనే పేరున్నది. కాబట్టి అరబీలోకి వచ్చిన కానూన్ పరాయి మాటే అయినా, దాని తాతముత్తాతల ఊరు మాత్రం ఆ ఇరుగుపొరుగే.

పనిముట్టు పేరు పండితుల చేతిలో పడగానే మారిపోయింది. క్రీస్తు పూర్వం ఐదవ శతాబ్దపు శిల్పి పొలిక్లైటస్ మానవ దేహపు కొలతల నిష్పత్తులపై గ్రంథం వ్రాసి దానికి 'కనోన్' అని పేరు పెట్టాడు. తత్త్వవేత్త ఎపిక్యురస్ సత్యాన్ని పరీక్షించే గీటురాయి ఏది అన్న విచారణకు అదే పేరు పెట్టాడు. ఖగోళ శాస్త్రవేత్తలు గ్రహగతుల పట్టికలను ఆ పేరుతోనే పిలిచారు. రోము సామ్రాజ్యపు ఖజానాలో ఏటేటా చెల్లించవలసిన స్థిరమైన పన్నుకు అది పేరైంది. క్రైస్తవ సంఘం తన కట్టుబాట్లకు దానినే వాడుకున్నది, క్రీ.శ. 325లో నైసియాలో కూడిన మహాసభ చేసిన 20 నియమాలను కనోన్లనే అంటారు.

సిరియా, ఈజిప్టు దేశాలు ముస్లింల పాలనలోకి వచ్చినప్పుడు అక్కడి పన్నుల కచేరీల్లో లెక్కలు గ్రీకులోనే నడిచేవి. సిరియాక్ భాష మీదుగానూ, ఆ కచేరీల మీదుగానూ ఈ మాట అరబీకి చేరింది. అందుచేత అరబీలో దాని తొలి కాపురం ఖజానా లెక్కల్లోనే. ఎన్నో శతాబ్దాల తరువాత సలాహుద్దీన్ అయ్యూబీ కొలువులో పనిచేసిన ఇబ్నె మమ్మాతీ ఈజిప్టు రెవెన్యూ వ్యవస్థపై వ్రాసిన గ్రంథానికి 'కవానీనుద్ దవావీన్' అని పేరు పెట్టాడు. కచేరీల కానూన్లు అని దానర్థం.

ఖజానా గుమాస్తాల మాటకు శాస్త్ర గౌరవం తెచ్చినవారు మన విద్వాంసులు. అల్-బీరూనీ 1030 ప్రాంతంలో గజ్నీ సుల్తాను మసూదుకు అంకితమిచ్చిన ఖగోళ మహాగ్రంథం పేరు 'అల్-కానూన్ అల్-మసూదీ'. ఇమాం గజాలీ దైవవచనాల వ్యాఖ్యానానికి పాటించవలసిన సూత్రాన్ని చర్చిస్తూ వ్రాసిన చిన్న గ్రంథం 'కానూనుత్ తావీల్'. వీటన్నిటికంటె ప్రసిద్ధమైనది ఇబ్నె సీనా రచించిన 'అల్-కానూన్ ఫిత్ తిబ్'. ఐదు సంపుటాల ఈ వైద్యగ్రంథం 1025 ప్రాంతంలో పూర్తయింది. ఒక వైద్యుడు తన పుస్తకానికి కానూన్ అని పేరెందుకు పెట్టాడు? రోగులు వేలమంది, ఒక్కొక్కరి బాధ ఒక్కొక్క తీరు. ఆ వేల బాధలను దేనితో పోల్చి గుర్తించాలో, దేనిని బట్టి చికిత్స నిర్ణయించాలో చెప్పే సామాన్య సూత్రాలు వైద్యునికి కావాలి. ఆ సూత్రాల సముదాయమే కానూన్. ఇక్కడ ఆ మాటలో దండన లేదు, ప్రభుత్వం లేదు, పోలీసు లేడు. బుద్ధిమంతుడు అనుభవాన్ని వడగట్టి తయారుచేసుకున్న కొలబద్ద మాత్రమే ఉంది. వైద్యుడు రోగిని దానితో కొలుస్తాడు. కొత్త అనుభవం ఎదురైతే తరువాతి తరం వైద్యుడు ఆ కొలబద్దనే సరిచూస్తాడు. ఇబ్నె సీనా సూత్రాలకు తరువాతి వారు ఎన్ని వ్యాఖ్యలు, ఎన్ని ఆక్షేపణలు వ్రాశారో చెప్పనలవి కాదు. డమాస్కసులో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఇబ్నె నఫీస్ ఆ గ్రంథానికే వ్యాఖ్య వ్రాస్తూ, గుండె నుంచి రక్తం ఊపిరితిత్తుల మీదుగా ప్రవహిస్తుందని చెప్పి గురువుగారి మాటను కాదన్నాడు. అందుకు ఎవరూ ఆయనను ద్రోహి అనలేదు.

పన్నెండవ శతాబ్దంలో టొలెడో నగరంలో క్రెమోనా వాసి గెరార్డ్ ఈ గ్రంథాన్ని లాటినులోకి అనువదించాడు. పేరు 'కానన్' అయింది. గ్రీకుల మాట అరబీ వేషంలో యూరపుకు తిరిగి వెళ్లి అక్కడి విద్యాలయాల్లో శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథమైంది. 1593లో రోము నగరంలో దీని అరబీ మూలాన్ని అచ్చువేశారు. మన చార్మినారు పక్కనున్న నిజామియా యునానీ దవాఖానాలో నేటికీ నడుస్తున్నది ఆ వైద్యసంప్రదాయమే. 'యునానీ' అంటేనే గ్రీకు అని అర్థం. పరుల విద్యను పరుల పేరుతోనే పిలుచుకోవడానికి మన పూర్వులు సంకోచించలేదు. అన్నట్టు, అరబ్బుల సంగీతంలో ఒళ్లో పెట్టుకొని మీటే అనేక తంత్రుల వాద్యం పేరు కూడా కానూనే. స్వరాల నిష్పత్తులను కొలిచేందుకు గ్రీకులు వాడిన ఒంటితీగ పరికరానికి కనోన్ అనే పేరుండేది.

ఇంతకూ ఈ మాట శాసనం ఎప్పుడైంది? ఫికహ్ శాస్త్రవేత్తలు తమ శాస్త్రానికి ఈ పేరు పెట్టుకోలేదన్నది మనం గుర్తుంచుకోవాలి. వారి మాటలు హుకుమ్, ఫికహ్, ఫత్వా. పాలకుడు పన్నుల కోసం, భూముల కోసం, జుర్మానాల కోసం చేసే నిబంధనలు మాత్రం కానూన్లయ్యాయి. ఉస్మానీ సుల్తానుల కాలంలో ఈ విభజన స్పష్టపడింది. 1520 నుంచి 1566 వరకు పాలించిన సులేమానును యూరపువారు 'మహావైభవశాలి' అన్నారు. ఆయన ప్రజలు, వారసులు ఆయనను 'కానూనీ' అన్నారు. ఆయన కొలువులో షేఖుల్ ఇస్లాం పదవిలో ఉన్న అబుస్సుఊద్ ఎఫెందీ షరీఅత్‌కూ కానూన్‌కూ పొత్తు కుదర్చడానికే జీవితమంతా శ్రమించాడు. ఒకే ఖాజీ రెండింటినీ అమలు చేసేవాడు. కానీ ఏది ఏదో అతనికి తెలుసు. సుల్తాను చేసిన కానూన్‌ను మరో సుల్తాను మార్చవచ్చు.

మన దేశంలో మొగలుల పాలనలో ప్రతి పరగణాకు 'కానూన్‌గో' అనే ఉద్యోగి ఉండేవాడు. కానూన్ చెప్పేవాడు అని ఆ పేరుకు అర్థం. అతడు చెప్పేది శిక్షాస్మృతి కాదు. ఆ పరగణాలో భూమి శిస్తు రేట్లేమిటి, వాడుక ఏమిటి, పాత రికార్డు ఏమంటున్నది అన్నవి. అతనికి వాడుకే కానూన్. ఉత్తరాదిన కొన్ని రాష్ట్రాల రెవెన్యూ శాఖల్లో ఆ ఉద్యోగం పేరు ఇప్పటికీ ఉంది. ఒడిశా, బెంగాలుల్లో అది ఇంటిపేరుగానూ మిగిలింది.

ఇక మన నేల సంగతి. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ అనే విద్వాంసుడు దక్కనీ భాషలో ఒక గ్రంథం వ్రాశాడు. మద్రాసు సర్కారు వైద్యుడు హెర్‌క్లాట్స్ ప్రోద్బలంతో, ఆయన ఆంగ్లానువాదంతో అది 1832లో లండనులో వెలువడింది. పేరు 'కానూనె ఇస్లాం'. ఆ పేరు చూసి ధర్మశాస్త్రమనుకొని తెరిచినవారికి లోపల కనబడేది వేరు. పురుడు, నామకరణం, బిస్మిల్లా, పెళ్లి, మొహర్రం పీర్లు, తాయెత్తులు, అంత్యక్రియలు: దక్షిణాది ముస్లింల ఇళ్లలో జరిగే ఆచారాలన్నీ పూసగుచ్చినట్టు అందులో ఉన్నాయి. వాటిలో షరీఅత్ విధించినవి కొన్ని. ఇరుగుపొరుగు నుంచి వచ్చి చేరినవి చాలా. జాఫర్ షరీఫుకు కానూన్ అంటే రివాజు. తనకు తెలిసిన సమాజాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిన మనిషిగా ఆయనకు మనం రుణపడి ఉన్నాము. అయితే ఆయన పుస్తకపు పేరులోనే మన తికమక అంతా ఇమిడి ఉంది. రివాజుకు కానూన్ అని పేరు పెట్టి, దాని పక్కన ఇస్లాం అని చేర్చగానే, అత్తవారింటి ఆచారం దైవాజ్ఞ అయి కూర్చుంటుంది.

ఆంగ్లేయుల కాలంలో మాట మళ్లీ మారింది. 1860 శిక్షాస్మృతి ఉర్దూలో 'తాజీరాతె హింద్' అయింది. ఆ అనువాదంలో పాలుపంచుకున్న డిప్యూటీ నజీర్ అహమద్ తరువాత హైదరాబాదు సంస్థానంలో ఉన్నతోద్యోగం చేశాడు. అప్పటినుంచి కానూన్ అంటే ప్రభుత్వం చేసిన చట్టమే. ఈ కచేరీ మాటలు తెలుగులోకి వస్తూ చేసిన ఒక విచిత్రాన్ని ఇక్కడ చెప్పాలి. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరం మోపబడినవాడు. నిజాం కాలపు ఉర్దూ తీర్పు ప్రతులు ఇంట్లో ఉన్నవారు వాటిని తెలుగు అర్థంతో చదివితే తాతగారు గెలిచిన దావా ఓడినట్టు కనబడుతుంది. ఇక తెలుగులో మనం వాడే 'చట్టం' అన్న మాటకు చెక్క చట్రం అనే అర్థం కూడా ఉంది. అటు కానూన్, ఇటు చట్టం, రెండూ వడ్రంగి కొట్టంలోవే కావడం మాకు ముచ్చటగా తోచింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. మన ఊళ్లలో ఆడపిల్లకు ఆస్తిలో వాటా అడిగితే వచ్చే జవాబు ఏమిటి? "పెళ్లి చేశాము, జహేజ్ ఇచ్చాము, ఇక వాటా ఏమిటి? మన కానూన్ ఇంతే" అని. ఈ వాక్యంలోని కానూన్ ఏది? దివ్యఖుర్ఆన్ అన్నిసా అధ్యాయం ఆడపిల్లకు నిర్ణీత వాటా ఇచ్చింది. కాబట్టి ఇది షరీఅత్ కాదు. 1937 షరీఅత్ వర్తింపు చట్టం వచ్చినదే స్త్రీలకు ఆస్తి లేకుండా చేస్తున్న రివాజును తొలగించడానికి. నాటి ముస్లిం మహిళా సంఘాలు ఆ రివాజును నిరసించాయన్న మాట ఆ బిల్లు ఉద్దేశాల ప్రకటనలోనే ఉంది. కాబట్టి ఇది సర్కారు చట్టమూ కాదు. మిగిలింది జాఫర్ షరీఫ్ అర్థంలోని కానూన్, అంటే వాడుక. పెద్దమనుషులు మూడు అర్థాలున్న మాటను ఒకే ఊపిరిలో వాడి, బలహీనమైన అర్థానికి బలమైన వాటి అధికారాన్ని కట్టబెడుతున్నారు.

1937 చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిందన్నది వాస్తవమే. భూములన్నీ పొలాలే అయిన కుటుంబాలకు ఆ మినహాయింపు ఎంత పెద్దదో వేరుగా చెప్పనక్కరలేదు. కానీ 1949లో మద్రాసు శాసనసభ తన పరిధిలో ఆ మినహాయింపును తీసివేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి. ఈ సంగతి చెప్పిన ముత్తవల్లీని, ఖాజీని, వకీలును మన ఊళ్లలో వేళ్ల మీద లెక్కించవచ్చు. అదే విధంగా 1961 వరకట్న నిషేధ చట్టం కట్నానికి నిర్వచనం చెబుతూ మహర్‌ను దాని నుంచి వేరుచేసింది. ప్రభుత్వం ఆ రెండింటి తేడాను గుర్తించింది. మన నిఖా మజ్లిసుల్లోనే మహర్‌ను వాయిదాలో ఉంచి, జోడే రఖమ్‌ను రొక్కంగా లెక్కపెట్టుకుంటున్నారు.

"దేశానికంతటికీ ఒకే కానూన్" అన్న నినాదాన్ని కూడా ఈ వెలుగులోనే పరిశీలించాలి. ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి 2025 జనవరిలో అమలులోకి వచ్చింది. అది కూడా షెడ్యూల్డు తెగలను మినహాయించింది. ఆ మినహాయింపు సబబేనని మా అభిప్రాయం. కాకపోతే, ఒక సముదాయపు జీవనవిధానాన్ని గౌరవించి మినహాయించవచ్చునని ఒప్పుకున్నవారు, మరో సముదాయం అదే అడిగితే దేశ సమైక్యతకు ముప్పు అనడం ఏ కొలబద్ద ప్రకారమో చెప్పాలి. వడ్రంగి ఒకే బద్దతో తలుపునూ కొలుస్తాడు, కిటికీనీ కొలుస్తాడు. ఆ రెండూ ఒకే సైజులో ఉండాలని పట్టుబట్టడు. రాజ్యాంగంలోని 14వ అధికరణం చట్టం ముందు సమానత్వంతో పాటు చట్టాల సమాన రక్షణ అన్న మాటను కూడా చేర్చింది. ఆ రెండవ మాటను మనం సభల్లో తక్కువగా వినిపిస్తున్నాము. ఈ ప్రశ్న అడిగే నైతిక బలం మనకు ఉండాలంటే మన చెల్లెళ్ల వాటాలు మన ఇళ్లలో ముందు తేలాలి అన్న సోదరీమణుల మాటతో మేము ఏకీభవిస్తున్నాము.

వచ్చే నెల సభలో 1937 చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదువుదాము. ఎక్కువ సమయం పట్టదు. అందులో ఉన్నవి ఆరు సెక్షన్లే. వాటిలో ఐదవది 1939లోనే రద్దయింది. పొలాలున్న కుటుంబాలవారు తమ పహాణీ, పాసుపుస్తకాల నకళ్లు వెంట తెచ్చుకోవాలి. ఒక వకీలు కూడా మన మధ్య కూర్చుంటారు. ఆడవారికి ముందు వరుసల్లో చోటు ఉంచుతాము.