నాయిన సైకిల్‌కు మోటరు పెట్టిన, బ్రేకు మర్చిపోయిన

ఇది మా నాయిన పాత రాడ్ సైకిల్. పొద్దున్నే పాలక్యాన్లు కట్టుకొని దేవరకొండ రోడ్డు ఎక్కుడు తొక్కలేకపోతుండని దీనికి ఎలక్ట్రిక్ కిట్ పెట్టిన. మోటరు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అందుకే చిన్న మోటరే తీసుకున్న. బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్. 28 అంగుళాల వెనక రిమ్ముకు మోటరు కలిపి స్పోకులు అల్లించడానికి ఒక్క పూట పట్టింది, అంతే.

అసలు కథ దిగుడులో అయింది. గొర్రెల మంద అడ్డమొచ్చింది. నాయిన బ్రేకు గట్టిగా పట్టిండు, సైకిల్ ఆగలే. పక్కనున్న మట్టికట్టకు గుద్దుకొని పడ్డడు. మోచేయి గీరుకపోయింది, పాలన్నీ నేలపాలు.

తప్పు నాదే. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలివైపు రుద్దుతయి, తడిస్తే పట్టు ఇంకా తగ్గుతది. నాయిన తొక్కే వేగం 12, మోటరుతో 24. వేగం రెండింతలైతే బ్రేకు ఆపాల్సిన శక్తి నాలుగింతలు. బీటెక్‌లో రాసి పాసైన లెక్కే ఇది! పైగా కిట్‌తో వచ్చిన కటాఫ్ లివర్లు రాడ్ బ్రేకుకు కుదరలేదని పక్కన పడేసిన. భయంలో నాయిన యాక్సిలరేటర్ వదల్లే. బ్రేకు పట్టినా మోటరు తోస్తనే ఉంది.

ఇప్పుడు ముందు ఫోర్కు, చక్రం రెండూ మార్చి కేబుల్ బ్రేకు పెట్టించిన. లివర్ పట్టంగనే మోటరు బంద్ అయితది. నాయిన మాత్రం ఆ దిగుడు రాంగనే సైకిల్ దిగి నడిపించుకుంటనే పోతుండు.