అధికారం వెంట బాధ్యత



నిర్వహణశాస్త్రం పెద్ద కర్మాగారాలకే చెందినదని తలుస్తాము. కాని దాని తొలి పాఠం నేతకారుని ఇంటిలోనే ఉన్నది. ఒకరు కండెలు చుట్టుతారు, ఒకరు పడుగు సిద్ధపరుస్తారు, మరొకరు నేస్తారు. ఇదియే శ్రమవిభజన. అయినా అక్కడ మొత్తం పని అందరికీ తెలుసు, లాభనష్టాలు అందరివీ.

మిల్లు రాకతో ఈ రెండూ మారాయి. నిజాం పాలనలో మన నాందేడ్‌లో ఉస్మాన్‌షాహీ మిల్లు, 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వెలిశాయి. పని విభాగాలకు, నిర్ణయం కార్యాలయానికి చేరాయి.

ఇటువంటి వ్యవస్థకు సూత్రాలు కూర్చినవారిలో ముగ్గురు ముఖ్యులు. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో, ప్రతి పనినీ గడియారంతో కొలిచి ఉత్తమ పద్ధతిని కనుగొనాలన్నాడు. ఒక ఉక్కు కర్మాగారంలో కూలీ రోజుకు ఎత్తే ఇనుప దిమ్మెలు పన్నెండున్నర టన్నుల నుండి నలభై ఏడు టన్నులకు, కూలి 1.15 డాలర్ల నుండి 1.85 డాలర్లకు పెరిగాయని వ్రాశాడు. పని దాదాపు నాలుగింతలు; కూలి రెండింతలైనా కాలేదు! జర్మనీ పండితుడు మాక్స్ వెబర్ సంస్థను నడపవలసినది వ్యక్తి ఇష్టం కాదు, లిఖిత నియమమని బోధించాడు. 1888లో దివాలా అంచున ఉన్న గనుల కంపెనీని చేపట్టి నిలబెట్టిన ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ ఫేయోల్ 1916లో పదునాలుగు సూత్రాలు ప్రకటించాడు. అధికారమున్నచోట బాధ్యత ఉండాలన్నది వాటిలో ఒకటి. సమదృష్టి, కార్మికుని చొరవ కూడా అందులోనివే.

ఖాయిలాపడిన జౌళి మిల్లుల జాతీయీకరణ చట్టంతో 1974లో ఆ రెండు మిల్లులూ ప్రభుత్వపరమయ్యాయి. నేడు రెండూ పనిచేయడం లేదు. కంపెనీలో వాటాదారుని బాధ్యత అతని వాటా మేరకే పరిమితం. మిల్లు మూతపడితే కార్మికుని నష్టానికి అటువంటి హద్దు లేదు. నిర్ణయం చేసేవారు ఒకరు, ఫలితం అనుభవించేవారు మరొకరు కావడమే ఇందలి చిక్కు.

భాగస్వామ్యంలో స్థితి వేరు. 1932 నాటి చట్టం ప్రకారం వ్యాపారం నిమిత్తం ఒక భాగస్వామి చేసిన అప్పుకు తక్కినవారూ బాధ్యులే. సొంత ఇల్లు కూడా అప్పులో పోవచ్చు. నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది గనుక, అన్నదమ్ములైనా, స్నేహితులైనా పెట్టుబడి, వాటా, అధికారం, వైదొలగే విధానం ముందే కాగితంపై వ్రాసుకొనుట మేలు. అది అపనమ్మకం కాదు, బంధుత్వానికి రక్షణ. సహకార సంఘంలో వాటాలెన్ని ఉన్నా సభ్యునికి ఒకే ఓటు.

ఈ బడిలో చదివి రేపు దుకాణం తెరిచేవారు, పదిమందికి పని చెప్పేవారు ఆజ్ఞ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకొందురు గాక: ఇది తప్పైతే నష్టం ఎవరిది? ఆ నష్టం మోసేవారికి ఆలోచనలోనూ పాలు ఇవ్వండి.