దిల్లీ నగరము – భూకంప భయము – ముందుజాగ్రత్త



2025 ఫిబ్రవరి 17వ తేదీ తెల్లవారుజామున 5.36 గంటలకు దిల్లీ కంపించినది. భూకంప కేంద్రము ధౌలా కువాఁ ప్రాంతము, పరిమాణము 4.0 మాత్రమే. జనులు ఉలికిపడి లేచి వీధులలోనికి పరుగిడిరి. పిదప ఎవరి పనులకు వారు పోయిరి. ఆనాటి భయము మిగిలినది గాని, దాని నుండి జాగ్రత్త పుట్టలేదు.

తెలుగువారు ప్రకృతి వైపరీత్యము నెరుగనివారు కారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్నది. ఆ గుణపాఠము వృథా కాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకకముందే లక్షకు పైగా జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. అయితే తుఫాను చెప్పి వచ్చును; భూకంపము చెప్పి రాదు. హెచ్చరిక విన్న పిదప కదలు అలవాటు తీరమున ప్రాణములు కాపాడును గాని, దిల్లీలో అక్కరకు రాదు.

ఇచ్చటి ప్రమాదము కొత్తది కాదు. 1803లో గఢ్వాల్ ప్రాంతమున పుట్టిన భూకంపమునకు కుతుబ్ మీనారు శిఖరఛత్రము కూలినది. 2002 నాటి ప్రమాణ పటము దిల్లీని నాల్గవ భూకంప మండలమున చేర్చినది. యమునాతీరపు ఒండ్రునేల కంపమును హెచ్చించును. 2001 జనవరి 26న కచ్ఛ్‌లో భూమి కంపింపగా, రెండువందల కిలోమీటర్లకు పైగా దూరమందున్న అహమ్మదాబాదులో బహుళ అంతస్తుల మేడలు కూలినవి. వానిలో పెక్కింటికి క్రింది అంతస్తున గోడలు లేవు. కార్లు నిలుపుటకై స్తంభములు మాత్రమే ఉండెను. అట్టి మేడలు దిల్లీలోను, నోయిడాలోను కొల్లలు.

తెలిసియు జనులేల కదలరు? క్వార్టరులో ఉన్నవారు అది సర్కారు పని యందురు. అద్దెకున్నవారు యజమాని పని యందురు. యజమాని సొసైటీ పని యనును. సొసైటీలో లిఫ్టు మరమ్మతుకు చందా వచ్చును. స్తంభముల పరీక్ష యనగానే, లోపము బయటపడిన ఫ్లాటు ధర పడిపోవునను శంక అడ్డువచ్చును. ధర నిలుచును గాని లోపమును నిలుచును.

ఇంటిలో చేయదగినవి అల్పవ్యయములే. ఎత్తైన బీరువాను గోడకు బిగింపవలెను. పడక పైని బరువులు దింపవలెను. కంపించునప్పుడు మెట్లవైపు పరుగిడక బల్ల క్రింద తల దాచుకొనవలెనని, లిఫ్టు ఎక్కరాదని పిల్లలకు, వృద్ధులకు ముందే నేర్పవలెను.

ప్రావిడెంటు ఫండు సొమ్ముతో ఫ్లాటు కొనువారు వాస్తును, మెట్రో దూరమును విచారింతురు. కట్టడము భూకంపమునకు తగినట్లు నిర్మితమైనదా యని ఇంజనీరుచే పరీక్ష చేయించుట అంతకంటె ముఖ్యము. పాత సొసైటీలవారు రాబోవు సర్వసభ్య సమావేశమునందే ఈ పరీక్షకు తీర్మానము చేయుదురు గాక!