ఇంటి దగ్గర చదివే పిల్లలకు రాత ఎలా నేర్పుదాం?

(హొసూరులో తల్లిదండ్రులు, యవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

  నన్ను పిలిచినవాళ్ళు ఒక చిన్న ప్రశ్న చేతిలో పెట్టారు. బడికి దూరమై ఇంటి దగ్గరే చదువుతున్న 14, 15, 16 ఏళ్ళ పిల్లలకు రాయడం నేర్పాలంటే ఏ పుస్తకం కొనాలి, ఏ కోర్సు తీసుకోవాలి? ప్రశ్న చిన్నదే. జవాబు కొంచెం చుట్టు తిరిగి వస్తుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఇంట్లో చదివించడం వేరు, ఇంట్లో ఉంచేసుకోవడం వేరు. పట్టుపురుగులకు ఆకు వెయ్యడానికో, చిన్నవాణ్ణి ఎత్తుకోవడానికో ఆడపిల్లను బడి మానిపించి, దానికి హోమ్ స్కూలింగ్ అని పేరు పెడితే అది చదువు కాదు, జీతం లేని పని. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ చదువు ఉచితం, నిర్బంధం అంటుంది. ఇంటి చదువు అన్న మాటే అందులో ఎత్తలేదు. కాబట్టి 14 లోపు పిల్లలను బడిలోనే ఉంచండి అంటాను నేను. ఇక్కడ నా మాటలన్నీ ఆ వయసు దాటినవాళ్ళ గురించే: బడిలో తప్పి మళ్ళీ వెళ్ళలేనివాళ్ళు, జబ్బు వల్ల ఆగిపోయినవాళ్ళు, పదో తరగతిని ఓపెన్ స్కూలులో కట్టుకుంటున్నవాళ్ళు.

ఓపెన్ స్కూలు అంటే ఎన్‌ఐఓఎస్. 14 ఏళ్ళు నిండితే పదికి చేరవచ్చు. 5 సబ్జెక్టులు, అందులో కనీసం ఒకటి భాష ఉండాలి. తెలుగూ ఉంది, కన్నడమూ ఉంది. ఒకసారి పేరు కట్టుకుంటే 5 సంవత్సరాల్లో 9 సార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది. మార్కుల్లో 20 శాతం ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు. తల్లిదండ్రులు చాలామంది ఈ 20 శాతాన్ని గైడు చూసి కాపీ కొట్టించి పంపిస్తున్నారు. పిల్లకు సొంతంగా రాయడానికి దొరికిన ఒక్క చోటునూ మనమే మూసేస్తున్నాం.

ఇప్పుడు కోర్సుల సంగతి. ఇంటర్నెట్లో వెతికితే అమెరికా పేర్లు ముందు వస్తాయి. అక్కడ ఇంటి చదువుల కుటుంబాలు ఎక్కువ, అందులో క్రైస్తవులు ఎక్కువ, అందుకని ఆ పుస్తకాలు మన సంఘాల్లో కూడా చేతులు మారుతున్నాయి. నేను వాటిని తీసిపారెయ్యను. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎక్సలెన్స్ ఇన్ రైటింగ్ అనేదాని పద్ధతి ఇది: ఒక పేరా చదివి, వాక్యానికి రెండు మూడు ముఖ్యమైన మాటలు మాత్రం ఏరి రాసుకుని, పుస్తకం మూసి, ఆ మాటల ఆధారంతో పేరాను మళ్ళీ సొంతంగా రాయాలి. ఏం రాయాలో తోచని పిల్లకు ఇది మంచి ఊతకర్ర. కానీ ప్రతి పేరాలో ఫలానా రకం విశేషణం ఉందా, ఫలానా రకం వాక్యం ఉందా అని టిక్కులు పెట్టించే జాబితా కూడా దానితోనే వస్తుంది. ఆరు నెలలకు మించి పట్టుకుంటే రాత బిగుసుకుపోతుంది. జూలీ బోగార్ట్ నడిపే బ్రేవ్ రైటర్ దీనికి ఎదురు దిక్కు. గడియారం పెట్టుకుని తప్పొప్పులు చూడకుండా తోచింది రాయనివ్వడం, తల్లి పరీక్షాధికారిగా కాక పక్కన నిలబడే మనిషిగా ఉండడం దాని పద్ధతి. ఇంగ్లండులో వందేళ్ళ కిందటి విద్యావేత్త షార్లెట్ మేసన్ అయితే చదివింది నోటితో తిరిగి చెప్పించడం మీదే అంతా నిలబెట్టింది. ఈ మూడింటిలో మన ఇళ్ళకు దగ్గరగా వచ్చేది మేసన్ పద్ధతే అని నా లెక్క. అవ్వ చెప్పిన కథను మనవరాలు మళ్ళీ చెప్పడం మనకు కొత్త కాదు కదా.

అయితే ఈ కోర్సులన్నిటికీ ఒక ఇబ్బంది ఉంది. అవన్నీ ఇంట్లో మాట్లాడే భాష, చదివే భాష, రాసే భాష ఒకటే అనుకుని తయారైనవి. మన సంగతి వేరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు. చర్చిలో తెలుగు బైబిలు చేతిలో ఉంటుంది, అక్షరాలు మాత్రం రావు. ఈ పక్క పిల్లలు తెలుగును కన్నడ లిపిలో రాసుకోవడం నేను చాలా చూశాను. దాన్ని చూసి పెద్దవాళ్ళు నవ్వుతారు. నవ్వకండి. ఇక్కడికి దగ్గరలోనే కైవారం తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదువుకుని పాడేవాళ్ళున్నారు. లిపి వేరైతే భాష చెడిపోదు. పిల్ల మొదటి ప్రతిని తన మాటల్లో, తనకు వచ్చిన లిపిలో రాయనివ్వండి. రెండో ప్రతికి కన్నడమో ఇంగ్లీషో చేసుకోవచ్చు. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు, కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు కొద్ది వారాల పని.

రెండు మూడు భాషల మధ్య పెరగడం లోటు అనుకునేవాళ్ళకు ఈ ఊరే జవాబు. 1920లో ఇదే హొసూరులో బీద ఇంట్లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు హైస్కూలు చదువు కోసం బెంగళూరుకు నడిచి వెళ్ళాడని అందరికీ తెలుసు. బసవనగుడి నేషనల్ హైస్కూలుకు గాంధీ వచ్చినప్పుడు, ఆ ప్రసంగాన్ని కన్నడంలోకి మార్చి చెప్పింది విద్యార్థిగా ఉన్న ఈయనే. తర్వాత అమెరికాలో ఫిజిక్సులో డాక్టరేట్, 1972 నుంచి 1977 దాకా బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్. గౌరిబిదనూరుకు, బాగేపల్లికి నేషనల్ కాలేజీలు తెచ్చింది కూడా ఆయనే. ఆయన హేతువాది, అద్భుతాల మీద విచారణ కమిటీ వేసిన మనిషి, మన కూడికలకు వచ్చే రకం కాదు. అయినా పిల్లలతో ప్రశ్న అడిగించడంలో ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. ఒకరి మాటను ఇంకో భాషలోకి మార్చి పదిమంది ముందు చెప్పగలగడం రాతకు ఎంత మంచి సాధనో చూడండి. ఆదివారం ప్రసంగాన్ని పక్కింటి అవ్వకు ఐదు నిమిషాల్లో చెప్పి రమ్మనండి, తర్వాత అదే అర పేజీ రాయమనండి.

అసలు రాత ఎందుకు? మార్కులకు మాత్రమే అయితే నేను ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదు. 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవంగా తగలబెట్టారు. సాక్షులు కోర్టులో మాట మార్చారు. 2006లో కింది కోర్టు నిందితులందరినీ వదిలేసింది, 2014లో హైకోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది. రాత వచ్చి ఉంటే ఆ కేసు గెలిచేదని నేను అనను. భయం, కూలి, ఒకే ఊళ్ళో బతకవలసి రావడం, వీటి ముందు కాగితం చిన్నది. కానీ ఈ సీమలో మనిషి తెలుగులో చెప్తాడు, స్టేషన్లో కన్నడంలో రాస్తారు, ఏం రాశారో చెప్పినవాడికి తెలియదు. ఫిర్యాదు రాసుకున్నాక చదివి వినిపించాలని, నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. వినిపించమని అడగడానికి, నకలు చదివి ఇది నేను చెప్పింది కాదు అనడానికి ఇంట్లో ఒక్కరికైనా రాత రావాలి. మన ఇళ్ళలో ఆ ఒక్కరు ఎక్కువగా పదహారేళ్ళ పిల్లే అవుతుంది.

అందుకని నా దృష్టిలో కోర్సును ఎంచుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ రాతను ఎవరు చదువుతారు? తల్లి, టీచరు తప్ప ఇంకెవరూ చదవరు అంటే, ఎంత ఖరీదైన పుస్తకమైనా పక్కన పెట్టండి.

ఇటలీలో, ఫ్లోరెన్సుకు పైన కొండల్లో బార్బియానా అనే పల్లె ఉంది. 1954లో లోరెంజో మిలానీ అనే ఫాదరును ఆ మారుమూలకు పంపారు. ఆయన అక్కడి రైతు బిడ్డలకు, పట్నం బడుల్లో తప్పి వచ్చిన పిల్లలకు చర్చి పక్క గదిలో రోజంతా చదువు చెప్పాడు. సెలవులు లేవు. ఆ పిల్లల్లో 8 మంది కలిసి, తమను ఫెయిలు చేసిన టీచరుకు ఉత్తరంగా ఒక పుస్తకం రాశారు. 1967లో అచ్చయింది. ఆ తర్వాత కొద్ది వారాలకే మిలానీ క్యాన్సర్‌తో చనిపోయాడు. బీద పిల్లలనే బడి ఎలా ఏరి బయటపడేస్తుందో లెక్కలతో సహా చూపించిన పుస్తకం అది.

వాళ్ళు రాసిన పద్ధతి మనకు కావలసిన కోర్సు. డబ్బు కట్టక్కర్లేదు. ప్రతివాడి జేబులో చిన్న నోట్‌బుక్కు. తోచిన సంగతి తోచినప్పుడు ఒక చీటీ మీద రాస్తారు. చీటీకి ఒక్క సంగతి, ఒక పక్కనే. ఒక రోజు చీటీలన్నీ పెద్ద బల్ల మీద పోస్తారు. ఒకటే సంగతి రెండుసార్లు వస్తే ఒకటి తీసేస్తారు. ఒకదానికొకటి సంబంధం ఉన్నవి కుప్పలు చేస్తారు, కుప్పలు అధ్యాయాలవుతాయి. కుప్ప పెద్దదైతే చిన్న కుప్పలు చేస్తారు. ఇక వరస కోసం వాదులాట. ఆ తర్వాత కొట్టివేత: అక్కర్లేని మాట, పెద్ద మాట, ఒకే వాక్యంలో ఇరికించిన రెండు సంగతులు. చివరగా బయటి మనుషులను పిలిచి చదివించేవాళ్ళు, అదీ ఎక్కువ చదువుకోనివాళ్ళను. వాళ్ళకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడ మళ్ళీ రాసేవాళ్ళు.

ఇద్దరు ముగ్గురు ఇళ్ళ పిల్లలు కలిస్తే ఇక్కడ రేపే మొదలుపెట్టవచ్చు. దేని మీద అంటారా? బాగేపల్లి పక్క బోరు నీళ్ళలో ఫ్లోరైడు గురించి మీ ఇంట్లో అవ్వ మోకాళ్ళే చెప్తాయి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన చెరువులకు వదులుతున్నారు, ఆ నీళ్ళు మంచివా కావా అని ఊరంతా మాట్లాడుకుంటోంది. చీటీలకు కొదవ లేదు.

బైబిలు చేతిలో ఉన్న పిల్లలకు మాదిరి రచనలు కూడా కొనక్కర్లేదు. లూకా సువార్త మొదటి నాలుగు వచనాలు చూడండి. కళ్ళారా చూసినవాళ్ళను అడిగాను, మొదటి నుంచి పరిశీలించాను, వరసగా రాస్తున్నాను, ఫలానా థెయొఫిలా కోసం రాస్తున్నాను అనే అర్థం అంతా అందులో ఉంది. ఆధారం, వరస, చదివే మనిషి. ఫిలేమోనుకు పౌలు రాసిన పత్రిక 25 వచనాలే. ఒక బానిస తరఫున అతని యజమానికి రాసిన ఉత్తరం అది. ఎక్కడ మెచ్చుకున్నాడు, అడగవలసింది ఎక్కడ అడిగాడు, అప్పు సంగతి ఎక్కడ ఎత్తాడు అని పిల్లలతో పెన్సిలుతో గీతలు గీయించండి. తిరగరాయమంటే ఏడ్చే పిల్లలకు యిర్మీయా 36వ అధ్యాయం చదివి వినిపించండి. బారూకు కష్టపడి రాసిన గ్రంథాన్ని యెహోయాకీము రాజు చాకుతో కోసి కుంపటిలో వేశాడు. యిర్మీయా మళ్ళీ చెప్పాడు, బారూకు మళ్ళీ రాశాడు, రెండో ప్రతిలో మాటలు ఇంకా పెరిగాయి!

దిద్దడం గురించి ఒక మాట, ఎందుకంటే ఇంటి చదువు ఎక్కువగా ఇక్కడే పాడవుతుంది. పేజీ నిండా ఎర్ర గీతలు పెడితే పిల్ల తర్వాతి సారి తనకు స్పెల్లింగు వచ్చిన మాటలే రాస్తుంది, చెప్పాలనుకున్నది వదిలేస్తుంది. వారానికి ఒక్క రకం తప్పు పట్టుకోండి. ఈ వారం వాక్యం ఎక్కడ ఆపాలి, వచ్చే వారం ఒత్తులు. చదువురాని అమ్మలు నేనేం దిద్దగలను అంటున్నారు. అమ్మా, మీరు దిద్దక్కర్లేదు, చదివి వినిపించమనండి. అర్థం కాని చోట ఆపండి. బార్బియానాలో ఆ పని చేసినవాళ్ళు మీలాంటివాళ్ళే.

ఫోన్ల గురించి తమ్ముళ్ళు అడుగుతారని తెలుసు. నోటితో చెప్తే ఫోను టైపు చేస్తుంది, అది మేలే, మొదటి ప్రతికి వాడండి. ఫోనునే వ్యాసం రాయమంటే మాత్రం, మీ వీధి కొళాయి సంగతి దానికి తెలియదు, తెలిసినట్టు రాస్తుంది.

ఇక మొదటి మూడు నెలలకు ఒక పని చెప్తాను. సమాచార హక్కు దరఖాస్తు. కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి, మామూలుగా 150 మాటలు దాటకూడదు. ప్రభుత్వం మనకు ఉచితంగా ఇచ్చిన రాత అభ్యాసం ఇది. వీధి నీళ్ళ పరీక్ష ఎప్పుడు చేశారు, ఫలితం ఏమిటి అన్నది విషయం అనుకోండి. మొదటి నెల చీటీలు: ఏయే బోర్లు, ఎవరెవరి ఇళ్ళు, ఎప్పటి నుంచి. రెండో నెల తెలుగులో ఒక పేజీ, పిల్లలు వాదులాడుకుని 150 మాటలకు కుదించాలి. ఇక్కడ ఏడుపులు, అలకలు ఉంటాయి, పట్టించుకోకండి. మూడో నెల కన్నడంలోకి మార్చి, వీధిలో ఇద్దరు పెద్దవాళ్ళకు చదివి వినిపించి, వాళ్ళు తడబడిన చోట సరిచేసి, తల్లి పేరుతోనో తండ్రి పేరుతోనో సంతకం పెట్టించాలి. ఫీజు 10 రూపాయలు, బీపీఎల్ కార్డు ఉన్నవాళ్ళకు అదీ లేదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు నోట్‌బుక్కులో అంటించండి, తేదీ రాసుకోండి. జవాబుకు 30 రోజుల గడువు. రాకపోతే పై అధికారికి అప్పీలు రాయాలి, అది నాలుగో నెల పాఠం.