జెండా తాడు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తొమ్మిదో తరగతిలో నేను జెండా దళంలో చేరాను. మేం ఎనిమిది మందిమి. "ఒకడి అడుగు తప్పితే ఎనిమిది మందీ తప్పినట్టే" అనేవారు డ్రిల్లు అయ్యవారు. ఆ మాట అర్థం కావడానికి నాకొక ఆగస్టు 15 పట్టింది.

మన బడి సముద్రానికి దగ్గర. జెండాలో పూలు పెట్టి, మడిచి, ముడివేసి పైకి చేరుస్తాం. ముడి వదులైతే గాలికి ముందే విడిపోతుంది. బిగిస్తే తేమకు తాడు ఉబ్బి పీటముడి పడుతుంది. "గాలికి ఆగాలి, లాగితే విడిపోవాలి. అట్టాంటి ముడి ఎవరికైనా తెలుసా?" అని అయ్యవారు అడిగారు.

నాకు తెలుసు. మా నాయన పడవ మీద వేసే జారుముడి అదే. కానీ నోరు విప్పలేదు. అప్పటికే కొందరు 'చేపల వాసన' అని ఎగతాళి చేసేవారు. జాలరి కొడుకునని మళ్లీ గుర్తుచేయడం ఇష్టం లేకపోయింది.

పండగనాడు ముఖ్య అతిథి తాడు లాగారు. జెండా విడలేదు. బడంతా తలెత్తి చూస్తోంది. ముడి వేసిన నా స్నేహితుడు మాత్రం తల దించుకున్నాడు. ఇక ఉండబట్టలేక "నేను కడతానయ్యా" అంటూ ముందుకొచ్చాను. జెండా దించి, నేలకు తగలకుండా ఇద్దరు చేతుల మీద పట్టుకున్నారు. నేను జారుముడి వేశాను. ఈసారి లాగగానే పూలు రాలాయి.

అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం స్నేహితుడికి నిజం చెప్పాను. "తెలిసి కూడా నన్ను అందరి ముందు నిలబెట్టావు గదరా" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆదివారం మా గుడిసెకొచ్చి, నాయన పక్కన కూర్చుని ఆ ముడి నేర్చుకున్నాడు. నాయన పని గురించి నాకున్న సిగ్గు ఆరోజే పోయింది. తెలిసీ చెప్పలేదన్న సిగ్గు మాత్రం ఇప్పటికీ ఉంది.

1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్యగారు మన నెల్లూరులోనూ ఉండి అభ్రకం మీద పరిశోధన చేశారు. అంతకు ముందే, 1916లో, జెండాల నమూనాలతో పుస్తకం వేశారు. తనకు తెలిసింది దాచుకోలేదు.

నేను ముప్పై ఏళ్లు కరెంటు లైన్ల పనిలో ఉన్నాను. తుపాను వెలిశాక స్తంభాలెక్కే కుర్రాళ్లకు ఒకటే చెప్పేవాణ్ణి: "తెలిసింది చెప్పండి. మీరు ఊరుకుంటే పైనున్నవాడి ప్రాణం పోతుంది." అది ఈ మైదానంలో నేర్చుకున్నదే. పిల్లలూ, మీకూ అదే చెబుతున్నాను.

2002 జనవరి 26 నుంచి సామాన్యులు కూడా ఏడాది పొడవునా జెండా ఎగరేసుకునే వీలు వచ్చింది. ఆ ఏడు మా ఇంటి ముందు జెండాకు నాయన చేతనే ముడి వేయించాను. తాడు నా చేతికిచ్చి, "లాగు నాయనా" అన్నాడు.

సెలవు. జై హింద్.